సంకీర్తన యోగమూర్తి శ్రీ చైతన్య మహాప్రభువు

కలియుగమునకు తగిన సాధనము హరినామ సంకీర్తనమేయని శ్రీమద్భాగవతము ఘోషించుచున్నది. భగవద్గీత యజ్ఞములలో జపయజ్ఞమునకు అగ్రస్థానము నొసగినది. పతంజలి మహర్షి యోగసూత్రములలో ప్రణవజపమును, తదర్థభావనమును ఈశ్వర ప్రణిధానమునకు మార్గముగా నిర్దేశించెను. నామము యోగసాధనమను విషయమున పెద్దలకు భేదాభిప్రాయము లేదు. అయితే ఆ నామమును ఏ విధముగా పలుకవలెను? ఏకాంతమున మనస్సులో జపింపవలెనా, పదుగురు చేరి ఎలుగెత్తి పాడవలెనా? పాడునపుడు ముందు పాడువాడు అధికుడా, వెనుక అందుకొనువాడు అధికుడా? ఈ ప్రశ్నలు ఐదు శతాబ్దములకు పూర్వము వంగదేశమున గొప్ప సంచలనమునకు కారణమైనవి.

తెలుగువారి భజనగోష్ఠులలో ఒకరు పాడగా తక్కినవారు ఆ చరణమునే మరల పాడుదురు. దీనిని వంత పాడుట యందురు. లోకవ్యవహారమున ఈ మాట కొంత చులకనయైనది. ఇతరులు చెప్పిన దానికెల్ల తలయూపువానిని వంతపాడువాడని ఎగతాళి చేయుదురు. కాని సంకీర్తనమున వంత తక్కువ పని కాదు. వినుట, పలుకుట అను రెండు భక్తిమార్గములు ఒక్కచోట కలియు స్థానమది. ఈ సత్యమును జీవితమంతయు ఆచరించి చూపిన మహాపురుషుడు శ్రీకృష్ణచైతన్య మహాప్రభువు.

గ్రహణవేళ జననము

శాలివాహన శకము 1407 ఫాల్గుణ పూర్ణిమనాడు, అనగా క్రీ.శ. 1486 ఫిబ్రవరి 18వ తేదీన, గంగాతీరమందలి నవద్వీపమున జగన్నాథ మిశ్రునకు, శచీదేవికి ఈ మహాత్ముడు జన్మించెను. ఆనాడు చంద్రగ్రహణము. పురజనులు గంగలో దిగి హరినామమును ఉచ్చరించుచుండగా శిశువు భూమిపై పడెనని చరిత్రకారులు వర్ణించిరి. తల్లిదండ్రులు విశ్వంభరుడని పేరిడిరి. ఇంటివారు నిమాయియని ముద్దుగా పిలిచిరి.

శైశవమున ఆ బాలుని ఏడుపు మాన్పుట ఎవ్వరికిని శక్యమయ్యెడిది కాదట. చుట్టునున్న స్త్రీలు చప్పట్లు చరచుచు హరినామము పాడినచో తక్షణము ఊరకుండెడివాడు. కావున ఆ యింట రేయింబవళ్ళు నామము వినవచ్చుచుండెను. మాటలు రాని వయస్సుననే ఇంటిల్లిపాదిచేత కీర్తన చేయించిన ఈ వృత్తాంతమును బృందావనదాసు చైతన్యభాగవతమున ప్రీతితో వర్ణించెను.

అన్న విశ్వరూపుడు చిన్నవయస్సుననే సన్న్యసించి వెడలిపోయెను. కొంతకాలమునకు తండ్రియు పరమపదించెను. విశ్వంభరుడు గంగాదాస పండితునియొద్ద వ్యాకరణము నభ్యసించి, యౌవనారంభముననే స్వయముగా పాఠశాల నెలకొల్పి శిష్యులకు బోధించుచుండెను. ఆనాటి నవద్వీపము న్యాయ, వ్యాకరణ శాస్త్రములకు ప్రసిద్ధి గాంచినది. వాదమున ప్రతిపక్షిని ఓడించుటయే అచ్చటి పండితులకు పరమానందము. యువకుడైన నిమాయి పండితుడును ఆ గర్వమునకు అతీతుడు కాడు. ఎదురుపడినవారిని ప్రశ్నలతో నిలువరించి పరిహసించుట అతనికి వేడుక. ధనార్జనకై తూర్పు వంగమునకు వెళ్ళియున్న సమయమున భార్య లక్ష్మీప్రియ పాముకాటువలన మరణించెను. పిదప తల్లి కోరిక ననుసరించి విష్ణుప్రియను పరిణయమాడెను.

పుస్తకము కట్టివేసిన దినము

పితృశ్రాద్ధము నిర్వర్తింప గయాక్షేత్రమున కేగినపుడు అతని జీవితము పూర్తిగా మారినది. అచ్చట మాధవేంద్రపురి శిష్యుడైన ఈశ్వరపురివలన దశాక్షర గోపాలమంత్రమును ఉపదేశము పొందెను. గర్వించిన పండితుడై వెళ్ళినవాడు కన్నీరు కార్చుచు భక్తుడై నవద్వీపమునకు తిరిగివచ్చెను.

పాఠము చెప్పుటకు కూర్చుండెను; కాని వ్యాకరణసూత్రమునకు అర్థము చెప్పబోయిన ప్రతిపర్యాయము కృష్ణుని గూర్చియే పలుకుచుండెను. ఏ ధాతువును వివరించినను ఏ ప్రత్యయమును వివరించినను అది కృష్ణపరముగనే ముగియుచుండెను. శిష్యులు దిక్కుతోచక గంగాదాస పండితునితో మొరపెట్టుకొనిరి. గురువు మందలించెను. విశ్వంభరుడు వినయముతో అంగీకరించెను. మరునాడును అదే జరిగెను. తుదకు తనకు ఇంక పాఠము చెప్పు శక్తి లేదని శిష్యులకు తెలిపి, వేరు గురువుల నాశ్రయింపుడని సెలవిచ్చి, గ్రంథమును కట్టివేసెను. శిష్యులును తమ పుస్తకములు కట్టివేసి కన్నీరు నించిరి. చదివినది చాలును, ఇక కృష్ణుని కీర్తింతమని అతడు వారి నూరడించెను. కీర్తన ఎట్లు చేయవలెనో తెలియదని వారనగా, తానే చప్పట్లతో తాళము వేయుచు భగవన్నామములను పాడి చూపెను. శిష్యులు ఆ నామములనే మరల పాడిరి.

చైతన్య సంకీర్తనమునకు ఇదియే ప్రారంభమని చెప్పవచ్చును. అది దేవాలయమున కాదు, పాఠశాలలో మొదలైనది. వేదపాఠశాలలలో గురువు చెప్పిన పదమును శిష్యులు మరల చెప్పు సంత పద్ధతి మనకు సుపరిచితము. గురుముఖమునుండి వెలువడినది శిష్యముఖమున నిలిచినపుడే విద్య సంక్రమించినదనుట మన పెద్దల నమ్మకము. విశ్వంభరుడు ఆ పద్ధతినే నామమునకు వర్తింపజేసెను. తేడా యొక్కటియే. సంతకు అధికారము కొందరికే కలదు. నామము చెప్పించుకొనుటకు నోరున్న ప్రతివాడును అర్హుడే.

మూసిన తలుపులు, తెరచిన వీధులు

తరువాత ఒక సంవత్సరకాలము శ్రీవాస పండితుని ముంగిట ప్రతిరాత్రియు కీర్తన జరిగెను. అద్వైతాచార్యుడు, నిత్యానందుడు, గదాధరుడు, మురారి గుప్తుడు, ముకుందుడు మున్నగు అంతరంగ భక్తులు మాత్రమే అందు పాల్గొనిరి. తలుపులు మూసియుండెడివి. ఒకనాటి రాత్రి కీర్తన సాగుచుండగా లోపలి గదిలో శ్రీవాసుని కుమారుడు ప్రాణములు విడిచెను. కీర్తనకు భంగము కలుగరాదని శ్రీవాసుడు ఇంటి స్త్రీల రోదనమును వారించి, తాను వెలుపలికి వచ్చి అందరితోపాటు పాడుచుండెను. విషయము తెలిసిన పిమ్మట విశ్వంభరుడు దుఃఖించి, తానును నిత్యానందుడును ఇకమీదట ఆ దంపతులకు పుత్రులమని ఓదార్చెను.

వెలుపలివారికి ఈ రాత్రి కీర్తనలు రుచింపలేదు. నిద్ర చెడుచున్నదని కొందరు, ఈ కేకలవలన కరవు సంభవించునని కొందరు, పాలకులు ఆగ్రహించి ఊరినంతయు దండింతురని మరికొందరు నిందించిరి. భగవంతుని మనస్సులో తలచుకొనినచో చాలదా, ఇంత కోలాహలమేలయని పండితులు ఆక్షేపించిరి.

ఈ ఆక్షేపణకు సమాధానము అప్పటికే ఒక భక్తుని జీవితమున లభించినది. ఆయన హరిదాసు. మహమ్మదీయ కుటుంబమున పుట్టి, నిత్యము మూడు లక్షల నామములను జపించు నియమము పూనినవాడు. నామము విడువనందులకు ఇరువదిరెండు అంగళ్ళలో త్రిప్పుచు కొరడాలతో కొట్టించినను, కొట్టువారికి కీడు కలుగరాదని భగవంతుని వేడుకొనినవాడు. హరినది యను గ్రామమున ఒక విప్రుడు, జపము మనస్సులో చేయవలసినదికదా, బిగ్గరగా పలుకుట ఏ శాస్త్రముయని ఆయనను నిలదీసెను. మౌనజపము జపించువానిని మాత్రమే తరింపజేయును. ఎలుగెత్తి పలికిన నామము విన్నవారినెల్ల, పలుకలేని పశుపక్ష్యాదులను సైతము తరింపజేయునని హరిదాసు సమాధానము. తాను భుజించుటయు, నలుగురికి వడ్డించి తానును భుజించుటయు సమానము కావని దీని భావము.

విశ్వంభరుడు ఈ హరిదాసును, నిత్యానందుని ఇంటింటికి పంపెను. వారు అడుగు భిక్ష ఒక్కటియే, నామము పలుకుమని. జగాయి, మాధాయియను దుర్మార్గులైన సోదరులలో మాధాయి కుండపెంకుతో నిత్యానందుని నుదుటిపై కొట్టెను. రక్తము కారుచున్నను నిత్యానందుడు వారి మేలునే కోరెను. ఆ సోదరులు పరివర్తన చెంది భక్తులైరి.

నగరమున గృహస్థులు తమ యిండ్లయందు మృదంగ తాళములతో కీర్తనలు మొదలిడగా, అధికారియైన కాజీ ఒక యింట మృదంగమును పగులగొట్టించి, ఇకముందు కీర్తన చేసినవారి ఆస్తిని హరింతునని శాసించెను. జనులు భయపడిరి. విశ్వంభరుడు వెనుదీయలేదు. ప్రతివాడును కాగడా చేతబూని సాయంకాలము తనతో రావలెనని ఆదేశించెను. ముందు గోష్ఠిలో హరిదాసు, నడుమ గోష్ఠిలో అద్వైతాచార్యుడు, చివరి గోష్ఠిలో నిత్యానందునితో గూడి తాను నృత్యము చేయుచు నవద్వీప వీధులలో నగర సంకీర్తనము నడిపెను. ఒక సంవత్సరము మూసియున్న తలుపుల వెనుక పెరిగిన నామము ఆ రాత్రి వీధిలోనికి వచ్చినది.

కాజీ ఇంటిని సమీపించినపుడు కొందరు ఉద్రిక్తులై తోటను పాడుచేసిరి. విశ్వంభరుడు గౌరవనీయులైన పెద్దలను లోనికి పంపి కాజీని సగౌరవముగా పిలిపించెను. గ్రామసంబంధమును బట్టి కాజీ ఆయనకు మేనమామ వరుస యగును. ఆ వరుసనే పాటించి మర్యాదతో సంభాషించెను. చివరకు తన వంశమున ఎవ్వరును సంకీర్తనమును అడ్డగింపరని కాజీ మాట యిచ్చెనని కృష్ణదాస కవిరాజు చైతన్యచరితామృతమున తెలిపెను.

సన్న్యాసము, ఇల్లు

ఇరువదినాలుగవ ఏట, 1510 ఆరంభమున, విశ్వంభరుడు కాట్వా గ్రామమున కేశవభారతివలన సన్న్యాసము స్వీకరించి శ్రీకృష్ణచైతన్యుడయ్యెను. తల్లి శచీదేవికి పెద్దకుమారుని వియోగము ఇంకను మరపునకు రాకముందే రెండవ కుమారుడును వెడలిపోయెను. యువతియైన విష్ణుప్రియ ఇంట మిగిలిపోయెను. ఈ త్యాగమును తలచునపుడు వెళ్ళినవానిని మాత్రమే కాక మిగిలినవారిని గూడ స్మరింపవలెను. విష్ణుప్రియ ప్రతిదినము నామము జపించుచు, నియమితమైన సంఖ్య పూర్తియైనపుడెల్ల ఒక్కొక్క బియ్యపుగింజను పాత్రలో వేసి, అట్లు కూడిన గింజలనే వండి స్వామికి నివేదించి, ఆ ప్రసాదముతోనే జీవించెనని సంప్రదాయ గ్రంథములు చెప్పుచున్నవి. భర్త వీధులలో నామమును ఎలుగెత్తి పాడగా, ఆ యిల్లాలు వంటయింట దానికి వంత పాడినది.

తల్లి కోరిక మేరకు మహాప్రభువు దూరదేశమునకు పోక పురీక్షేత్రమున నివసింప నిశ్చయించెను. అచ్చట మహావిద్వాంసుడైన సార్వభౌమ భట్టాచార్యుడు మొదట ఆయనకు వేదాంతము బోధింపబూని, తుదకు ఆయనకే భక్తుడయ్యెను.

దక్షిణ యాత్ర

అదే సంవత్సరము మహాప్రభువు ఒక్క బ్రాహ్మణుని మాత్రము తోడుకొని దక్షిణమునకు బయలుదేరెను. రెండేండ్లు సాగిన ఈ యాత్ర ఆంధ్రదేశమునకు చిరస్మరణీయము. తాళ్ళపాక అన్నమాచార్యులు 1503లో పరమపదించిరి. వేంకటాద్రిపై ఆయన సంకీర్తనములు మారుమ్రోగిన తరము ఇంకను జీవించియున్న దినములవి. విజయనగరమున శ్రీకృష్ణదేవరాయలు 1509లో సింహాసన మధిష్ఠించెను. గోదావరీ మండలము ఉత్కళాధీశుడైన ప్రతాపరుద్ర గజపతి యేలుబడిలో నుండెను. సైన్యములు కదలుటకు సిద్ధమగుచున్న ఆ మార్గమున మహాప్రభువు నామము పాడుచు నడచెను.

ఆ యాత్రలో నామము వ్యాపించిన తీరు గమనింపదగినది. దారిలో ఎదురైనవాడు ఆయన నోట నామము విని తానును పలుకును. కొంతదూరము వెంట నడచును. మహాప్రభువు అతని నాలింగనము చేసికొని వెనుకకు పంపును. అతడు తన గ్రామమునకు పోయి అచ్చటివారిచే పలికించును. ఆ గ్రామమునకు వచ్చిన పొరుగూరివారు దానిని నేర్చుకొని తమ ఊరికి కొనిపోవుదురు. నిన్న వంత పాడినవాడు నేడు ముందు పాడువాడగును. సభలు లేవు, శాసనములు లేవు. నామమే ఒక నోటినుండి మరియొక నోటికి నడచినది.

శ్రీకూర్మమున కూర్ముడను పేరుగల గృహస్థ బ్రాహ్మణుడు మహాప్రభువునకు ఆతిథ్యమొసగి, సంసారమును విడిచి వెంట వచ్చెదనని ప్రార్థించెను. మహాప్రభువు అందుకు అంగీకరింపలేదు. ఇంటనే యుండి నామము పలుకుచు, కలిసినవారికెల్ల కృష్ణుని గూర్చి చెప్పుచుండుమని ఆజ్ఞాపించెను. అచ్చటనే కుష్ఠువ్యాధిపీడితుడైన వాసుదేవుడను విప్రుని కౌగిలించుకొని స్వస్థుని జేసెను. ఇంతవరకు తన్నందరు అసహ్యించుకొనుటచే గర్వము లేకుండెను, ఇక గర్వము పుట్టునేమోయని వాసుదేవుడు భయపడెను. సదా నామము పలుకుచు ఇతరులచే పలికించుచున్నచో గర్వమునకు చోటుండదని మహాప్రభువు ఆయనకు ఉపదేశించెను. సింహాచలమున వరాహనృసింహస్వామిని సేవించి గోదావరీతీరమును చేరెను.

రాజమహేంద్రవర ప్రాంతమును గజపతి ప్రతినిధిగా పాలించుచున్న రామానంద రాయలు వాద్యములతో, బ్రాహ్మణ పరివారముతో నదీస్నానమునకు వచ్చెను. మహాప్రభువు ఆయనను చూచి కౌగిలించుకొనెను. సన్న్యాసి ఒక శూద్రాధికారిని కౌగిలించి కన్నీరు నించుట చూచి పరివారము ఆశ్చర్యపడెను. అనంతరము దాదాపు పదిదినములు వారిరువురి నడుమ రాత్రివేళల గోష్ఠి సాగెను. ఇందు ప్రశ్నించువాడు మహాప్రభువు. సమాధానము చెప్పువాడు రామానందుడు. వర్ణాశ్రమధర్మమునుండి రాధాకృష్ణ ప్రేమతత్త్వమువరకు ఒక్కొక్క మెట్టు నెక్కుచు రామానందుడు చెప్పుచుండగా, ఇంకను పైమాట చెప్పుమని మహాప్రభువు కోరుచుండెను. వేలాదిమందిచే నామము పలికించినవాడు గోదావరి యొడ్డున శ్రోతయై కూర్చుండెను. పాడింప దలచినవాడు మొదట వినుట నేర్వవలెనను సంకీర్తన ధర్మము ఇచ్చట ప్రత్యక్షమైనది. ఈ సమాగమమునకు స్థానముగా కొవ్వూరు క్షేత్రమును భక్తులు నేటికిని సేవించుచున్నారు.

అహోబిలము, మంగళగిరి, తిరుమల మున్నగు దివ్యక్షేత్రములు ఆయన పాదస్పర్శచే పునీతములైనవి. శ్రీరంగమున శ్రీవైష్ణవుడైన వేంకటభట్టు ఇంట చాతుర్మాస్యము గడపెను. ఆ యింటి బాలుడైన గోపాలభట్టు తరువాత బృందావనమున షట్ గోస్వాములలో ఒకడయ్యెను. కృష్ణవేణీ తీరమున వైష్ణవులు పఠించుచున్న లీలాశుకుని శ్రీకృష్ణకర్ణామృతమును విని పరవశుడై, దానికి ప్రతి వ్రాయించి పురికి కొనిపోయెను.

రథము ముందు ఏడు గోష్ఠులు

యాత్రనుండి తిరిగివచ్చిన పిదప వంగదేశ భక్తులు ప్రతివర్షము రథయాత్రకు పురి చేరుచుండిరి. జగన్నాథుని రథము ముందు మహాప్రభువు కీర్తనగోష్ఠులను కూర్చిన క్రమమును కృష్ణదాస కవిరాజు వివరముగా వ్రాసెను. ముందుగా నాలుగు గోష్ఠుల నేర్పరచెను. ప్రతిగోష్ఠికి ముందు పాడువాడొకడు, వంత పాడువారైదుగురు, మృదంగము వాయించువారిద్దరు, నృత్యము చేయువాడొకడు. స్వరూప దామోదరుడు, శ్రీవాసుడు, ముకుందుడు, గోవింద ఘోషు అను నలుగురు ముఖ్యగాయకులు. అద్వైతాచార్యుడు, నిత్యానందుడు, హరిదాసు, వక్రేశ్వర పండితుడు నర్తకులు. ఇవిగాక కులీనగ్రామము, శాంతిపురము, శ్రీఖండములనుండి వచ్చినవారివి మూడు గోష్ఠులు. రథమునకు ముందు నాలుగు, ఇరుప్రక్కల రెండు, వెనుక ఒకటి. మొత్తము పదునాలుగు మృదంగములు ఏకకాలమున మ్రోగినవి.

వంగదేశ కీర్తన సంప్రదాయమున ముందు పాడువానిని మూలగాయకుడని, వంత పాడువారిని దోహారులని వ్యవహరింతురు. మహాప్రభువు కూర్చిన గోష్ఠిలో మూలగాయకు డొక్కడు, దోహారులైదుగురు. కృష్ణదాస కవిరాజు ఆ మొదటి నాలుగు గోష్ఠులలో గాయకుల పేర్లను, నర్తకుల పేర్లను చెప్పి ఊరకుండలేదు. వంత పాడిన వారి పేర్లనుగూడ ఒక్కొక్కటిగ లెక్కించి గ్రంథస్థము చేసెను. వంతకు ఆ సంప్రదాయమున గల గౌరవమునకు ఇది నిదర్శనము. మరియొకటి. పురి ఆలయమున ప్రవేశింపక దూరముననే నివసించిన హరిదాసు, రథము ముందు ఒక గోష్ఠికి నర్తకుడై నిలిచెను. మందిరమునుండి స్వామి వెలుపలికి వచ్చిన దినమున ఆ భక్తునకు దక్కిన స్థానమది.

సంకీర్తనము యోగమగుట

1515-16 ప్రాంతమున బృందావన యాత్ర ముగించుకొని కాశికి వచ్చినపుడు మహాప్రభువు మరియొక విమర్శకు గురియయ్యెను. సన్న్యాసి వేదాంతవిచారము చేయవలెనుగాని, సామాన్యులతో కలసి పాడుట, ఆడుట ఏమిటని ప్రకాశానంద సరస్వతియు తక్కిన యతులును నిందించిరి. వారి సభకు ఆహ్వానింపబడినపుడు మహాప్రభువు కాళ్ళు కడుగుకొను చోటనే కూర్చుండెను. ఆ వినయమును చూచి ప్రకాశానందుడు స్వయముగా లేచివచ్చి చేయి పట్టుకొని సభామధ్యమునకు తోడ్కొనిపోయెను. తాను వేదాంతమునకు తగని మూఢుడనని గురువు గ్రహించి నామమును మాత్రమే జపింపుమని ఆదేశించెనని మహాప్రభువు తెలిపి, పిదప సూత్రార్థములను సైతము వివరించి వారిని సమాధానపరచెను.

ఈ విమర్శకు సంకీర్తన స్వరూపమునందే సమాధానము కలదు. ప్రహ్లాదుడు బోధించిన నవవిధ భక్తులలో మొదటిది శ్రవణము, రెండవది కీర్తనము. ఒకరు పాడగా మరియొకరు అందుకొను పద్ధతిలో ఈ రెండును ఒకదానివెంట నొకటి నిరంతరము జరుగుచుండును. ముందు పాడువాడు పలుకునపుడు తక్కినవారు విందురు. వారు పలుకునపుడు అతడు వినును. చెవికిని నాలుకకును మార్చి మార్చి పని కలుగుచుండును.

శ్వాసనియమమును ఇందు సహజముగ నేర్పడును. నామము పలుకునంతసేపు ఊపిరి మెల్లగా వెలుపలికి సాగును. ఎదుటివారు అందుకొనునంతలో మరల నిండును. తాళమును బట్టి ఈ రాకపోకలు సమమగుచుండును. ఎవ్వరును ముక్కు పట్టుకొని నేర్పనక్కరలేదు. ఇక మనస్సు. ఏకాంతజపమున మనస్సు ఎచ్చటికో పోయినను చేతిలోని జపమాల తిరుగుచునే యుండును. గోష్ఠిలో అట్లు కాదు. తన వంతు వచ్చినపుడు పలుకవలెను; పలుకవలెనన్నచో వినియుండవలెను. చంచలమైన మనస్సును చరణము చరణమునకు వెనుకకు పిలుచు ఏర్పాటిది. యోగశాస్త్రము ప్రత్యాహారమని చెప్పునది పామరునకు గూడ ఇచ్చట సులభసాధ్యమగుచున్నది.

అన్నింటికంటె ముఖ్యమైనది అహంకార నివృత్తి. ముందు పాడువాడు తన నోటనుండి వెడలిన నామమును మరుక్షణమున ఇతరుల నోట వినును. అది ఇక తనది కాదు. వంత పాడువాడు ఇతరుని నామమును తన నోట నిలుపుకొనును. అది పరాయిది కాదు. పలువురు కూడి చేయు కీర్తనమే సంకీర్తనమని జీవగోస్వామి నిర్వచించుటలోని ఆంతర్యమిదియే. మహాప్రభువు జపమును నిరాకరింపలేదు. తానును సంఖ్యానియమముతో నామజపము చేయుచు ముడులు వేసిన దారముతో లెక్కించుకొనుచుండెను. జపము ఇంట వెలిగించుకొను దీపము. సంకీర్తనము ఆ దీపముతో పొరుగువాని దీపమును వెలిగించుట.

మూలగాయకుడు శ్రోతయైన వేళ

వృద్ధుడైన హరిదాసు నామసంఖ్య పూర్తిచేయలేక బాధపడుచుండగా, మహాప్రభువు భక్తసమేతుడై ఆయన కుటీరమునకు వెళ్ళెను. ముంగిట సంకీర్తనము జరుగుచుండగా హరిదాసు మహాప్రభువు ముఖమును చూచుచు నామముతోనే ప్రాణము విడిచెను. మహాప్రభువు ఆ దేహమును ఎత్తుకొని నృత్యము చేసెను. సముద్రతీరమున తన చేతులతో ఇసుక వేసి సమాధి చేసెను. అనంతరము జగన్నాథాలయ ద్వారమున అంగడివారిని హరిదాసుని ఉత్సవమునకై ప్రసాదభిక్ష యాచించెను.

మహాప్రభువు జీవించిన నలువదియెనిమిది సంవత్సరములలో తుది పండ్రెండేండ్లు పురియందు కాశీమిశ్రుని గృహమందలి గంభీరయను చిన్నగదిలో గడచినవి. నవద్వీప వీధులను, రథమార్గమును నామముతో నింపిన స్వామి ఆ గదిలో కృష్ణవిరహమున నిద్రాహారములు మరచి యుండెను. స్వరూప దామోదరుడు జయదేవుని, విద్యాపతిని, చండీదాసుని గీతములను పాడుచుండెను. గోదావరీతీరమునుండి వచ్చి చేరిన రామానంద రాయలు ఆయన మనఃస్థితికి తగిన శ్లోకములను పఠించుచుండెను. కృష్ణవేణీ తీరమునుండి తెచ్చిన కర్ణామృతము ఆ గదిలో మరల మరల వినవచ్చుచుండెను. లోకమునంతయు పాడించినవాడు ఇప్పుడు వినువాడయ్యెను. 1533లో మహాప్రభువు అవతారలీల సమాప్తమయ్యెను.

ఆయన స్వయముగా రచించినవి ఎనిమిది శ్లోకములు మాత్రమే. శిక్షాష్టకమని వాటికి ప్రసిద్ధి. నామమును నిరంతరము కీర్తింప గోరువాడు వినయమును, ఓర్పును అలవరచుకొని, తాను గౌరవము నాశింపక ఇతరులను గౌరవింపవలెనని అందలి సారము. రూపగోస్వామి 1541లో ముగించిన భక్తిరసామృతసింధువున భక్త్యంగములు అరువదినాలుగింటిని చెప్పి, అందు నామసంకీర్తనమును ప్రధానమైన ఐదింటిలో ఒకటిగ నిలిపెను. కాలక్రమమున ఈ సంకీర్తనము సముద్రములు దాటినది. 1966లో భక్తివేదాంతస్వామి న్యూయార్కు నగరమున ఒక చెట్టుక్రింద కూర్చుండి నామము పాడగా అచ్చటి యువకులు వంత పాడిరి. నేడు విదేశములందలి యోగశాలలలో ఆసనాభ్యాసముతోపాటు కీర్తనగోష్ఠియు చోటు చేసికొనినది. ఒకరు పలుకుట, పదుగురు అందుకొనుట అను క్రమము అచ్చటను మారలేదు.

తిరుమల మెట్లెక్కు యాత్రికులలో ఒకరు స్వామిని పేరుపెట్టి పిలువగా, ముందునున్నవారు, వెనుకనున్నవారు, ముఖము తెలియని వారు గూడ గోవిందాయని బదులు పలుకుదురు. పిలిచినవాడు అలసి ఆగినచో మరియొకడు పిలుచును. ఎవడు పండితుడో, ఎవడు పామరుడో ఆ క్షణమున తెలియదు. మోకాళ్ళు నొచ్చుచున్న వృద్ధుడును, తండ్రి భుజముపైనున్న పసివాడును ఆ పిలుపునకు గొంతు కలుపుదురు. శాస్త్రములు యోగమని చెప్పునది ఆ మెట్లపై అందరికి అందుబాటులోనే యున్నది. గృహస్థులు సంధ్యవేళ ఇంటివారినందరిని చేర్చుకొని, పెద్దలు పలుకగా పిల్లలచే, పిల్లలు పలుకగా పెద్దలచే నామము పలికించిన యెడల ప్రతిగృహమును శ్రీవాసుని ముంగిలియగును. అట్టి గృహములపై శ్రీహరి కృపాదృష్టి నిత్యము ప్రసరించుగాక.